ఇంటి నుంచి పని చేస్తూ జబ్బు పడితే: సెలవు చెప్పడం మొదలు మళ్లీ పనిలోకి రావడం దాకా

“జ్వరం నూటొకటి ఉంది, ల్యాప్‌టాప్ పక్కనే ఉంది, లాగిన్ అవ్వాలా వద్దా?” అన్న ప్రశ్న కరోనా రోజుల నుంచి నాకు ఎన్ని రకాలుగా వచ్చిందో లెక్కలేదు. అడిగేవారి ఉద్యోగాలు వేరు, జబ్బు తీవ్రత వేరు, ప్రశ్న మాత్రం ఒకటే. ఆఫీసుకు వెళ్లే రోజుల్లో దీని జవాబు గుమ్మం దగ్గరే తేలిపోయేది: లేచి, స్నానం చేసి, బట్టలు మార్చుకుని బయలుదేరే ఓపిక లేకపోతే ఆ రోజు సెలవే, ఎలాగో ఓపిక తెచ్చుకుని దగ్గుతూ వెళ్లినా పక్క సీటువాళ్లే తిప్పి పంపేవారు. ఇంటి నుంచి పని మొదలయ్యాక మంచానికీ పనికీ మధ్య ఆ గుమ్మం లేకుండా పోయింది. “ఈ ఒక్క మెయిల్ చూసి పడుకుందాం” అని పొద్దున మొదలైనది సాయంత్రం దాకా సాగుతుంది, సెలవు పెట్టినట్టూ ఉండదు, పని చేసినట్టూ ఉండదు.

ఆ గుమ్మాన్ని మళ్లీ కట్టుకునే పద్ధతిని ఇక్కడ వరుసగా చెబుతున్నాను. దీని కిటుకంతా ఒక్కచోటే ఉంది: ఒళ్లు బాగున్నప్పుడే నియమాలు కాగితం మీద రాసిపెట్టుకుంటే, జ్వరం వచ్చిన రోజున కొత్తగా ఆలోచించే పని తప్పుతుంది, ఎందుకంటే జ్వరంలో ఉన్న మనిషి తన జ్వరం గురించి తీసుకునే నిర్ణయం తరచూ తప్పుతుంది.

ఈ సూచనలు కంప్యూటర్ ముందు కూర్చుని చేసే ఉద్యోగాలకు, కొవిడ్, ఫ్లూ వంటి శ్వాసకోశ వ్యాధులు విరివిగా వ్యాపిస్తున్న కాలానికి పనికొస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కొవిడ్‌ను మహమ్మారిగా పేర్కొంది, 2023 మే 5న అంతర్జాతీయ అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించింది. ప్రకటన అయితే ముగిసింది కానీ జబ్బుతోనే లాగిన్ అయ్యే అలవాటు చాలామందిని వదల్లేదు. మందులు, చికిత్సల విషయంలో మాత్రం మీ డాక్టరు మాటే చివరి మాట.

కావలసినవి

• డిజిటల్ థర్మామీటర్ ఒకటి, దాని బ్యాటరీ పనిచేస్తోందో లేదో ఇప్పుడే చూసుకోండి.
• వీలుంటే పల్స్ ఆక్సీమీటర్, అంటే వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పరికరం. ఆస్తమా, గుండెజబ్బు, మధుమేహం ఉన్నవారు, వయసు పైబడినవారు ఉన్న ఇంట్లో ఇది తప్పనిసరి అనే అంటాను.
• జ్వరం, మందుల వేళలు రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం. ఫోన్లో రాసుకోవచ్చు గానీ, ఫోన్ తెరిస్తే ఆఫీసు చాట్ కూడా కనిపిస్తుందని మరిచిపోకండి.
• మీ సంస్థ సెలవు నిబంధనల ప్రతి.
• ‘అప్పగింత పేజీ’: మీ పనులు ఎక్కడిదాకా వచ్చాయో, ఎవరిని అడగాలో చెప్పే ఒక పేజీ పత్రం.
• మీ బదులు పని చూసే సహోద్యోగి ఒకరు. ఆ సంగతి ఆయనకో ఆమెకో ముందే తెలిసి ఉండాలి.

1. ఒళ్లు బాగున్నప్పుడే చేయవలసిన పని

సెలవు నిబంధనలు తెరిచి నాలుగు విషయాలు వెతకండి: జీతం కోతపడని సిక్ లీవులు ఎన్ని, ఎన్నో రోజు నుంచి డాక్టరు సర్టిఫికెట్ అడుగుతారు, సగం రోజు సెలవు పెట్టవచ్చా, జబ్బు లక్షణాలు లేకుండా ఐసొలేషన్‌లో ఉండే రోజులను సెలవు కింద లెక్కిస్తారా లేక ఇంటి నుంచి పని కింద లెక్కిస్తారా. నాలుగో ప్రశ్నకు చాలా నిబంధనల్లో స్పష్టమైన జవాబు ఉండదు. అలాంటప్పుడు హెచ్‌ఆర్‌ను నోటిమాటగా అడగకుండా మెయిల్లో అడిగి, వచ్చిన జవాబును దాచుకోండి.

తరువాత అప్పగింత పేజీ రాయండి. అందులో పొడుగాటి వివరణలు అక్కర్లేదు. ఒక్కో పనికి నాలుగు ముక్కలు చాలు: పని పేరు, ఎక్కడిదాకా వచ్చింది, గడువు ఎప్పుడు, ఫైలు ఎక్కడుంది. వారానికి ఒకసారి, వారం చివరి పనిదినాన పది నిమిషాలు కేటాయించి దీన్ని తాజా చేస్తూ ఉండండి.

హెచ్చరిక: ఈ పేజీలో పాస్‌వర్డ్‌లు రాయకండి. మీ బదులు చూసేవారికి వారి సొంత లాగిన్‌తోనే ఆ ఫోల్డరు, ఆ వ్యవస్థ అందేలా ముందుగా అనుమతి ఇప్పించండి. ఎక్కువమంది మరిచిపోయే విషయం ఇంకొకటి ఉంది: మీ ఫోన్‌కు వచ్చే ఓటీపీతో మాత్రమే కదిలే పనులు. చెల్లింపులకు ఆమోదం, ప్రభుత్వ పోర్టల్లో దాఖలు వంటివి మీ ఒక్కరి ఫోన్‌కే ముడిపడి ఉంటే, మీరు ఎంత పక్కాగా సెలవు పెట్టినా మధ్యాహ్నం రెండింటికి “ఒక్క ఓటీపీ చెప్పండి చాలు” అని ఫోన్ వస్తుంది. అలాంటి ప్రతి పనికీ రెండో ఆమోదకర్తను పెట్టించుకోవడం బాగున్న రోజుల్లోనే సాధ్యమవుతుంది.

2. పొద్దున లేవగానే, మాత్ర వేసుకోకముందే కొలవండి

పారాసిటమాల్ పనిచేయడం మొదలుపెట్టడానికి అరగంట నుంచి గంట పడుతుంది, దాని ప్రభావం సుమారు నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది. ఆ గంటల్లో థర్మామీటర్ చూపించే అంకెలో మందు వాటా ఎంతో చెప్పలేము. అందుకే కొలత ముందు, మాత్ర తరువాత.

థర్మామీటర్‌ను నాలుక కింద పెట్టి నోరు మూసుకోండి. వేడివో చల్లనివో తాగి ఉంటే అరగంట ఆగండి. చంకలో పెట్టి చూస్తే నోటిలో కంటే కొంత తక్కువ చూపిస్తుంది కాబట్టి, రోజూ ఒకే చోట కొలవడం మేలు. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 డిగ్రీల సెల్సియస్, లేదా అంతకు పైన ఉంటే జ్వరం కింద లెక్క.

ఆక్సీమీటర్ వాడేవారు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, చెయ్యి చల్లగా ఉంటే రుద్ది వెచ్చచేసుకుని, గోళ్ల రంగు ఉంటే తుడిచి, వేలు పెట్టాక అంకె నిలకడపడేదాకా సుమారు ఒక నిమిషం ఆగండి. వేలు పెట్టగానే కనిపించే మొదటి అంకెను చూసి కంగారు పడినవారు చాలామంది ఉన్నారు. చర్మం రంగు ముదురుగా ఉన్నవారిలో ఈ పరికరం అసలు కంటే కాస్త ఎక్కువ చూపించే అవకాశం ఉంది కాబట్టి, అంకె బాగున్నా ఆయాసం ఉంటే ఆయాసాన్నే నమ్మండి.

కొలిచింది రాసుకోండి. నా నోటుపుస్తకంలో ఒక వరుస ఇలా ఉంది: “పొద్దున 7.10. జ్వరం 100.8. ఆక్సిజన్ 97. చివరి మాత్ర రాత్రి 11.00. దగ్గుతో మూడుసార్లు లేచాను.” ఇంత చాలు. మూడు రోజుల వరుసలు పక్కపక్కన కనిపిస్తే, ఫోన్లో డాక్టరు అడిగే ప్రశ్నల్లో సగానికి జవాబు అందులోనే దొరుకుతుంది.

3. నిర్ణయం

మొదట ప్రమాద సూచనలు చూడండి. కదలకుండా కూర్చున్నా ఆయాసం, ఛాతీలో నొప్పి లేదా ఎడతెగని బిగుతు, కొత్తగా మాట తడబడడం లేదా అయోమయం, లేపినా సరిగా మెలకువ రాకపోవడం, పెదవులు నీలంగా లేదా బూడిదరంగుగా మారడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పని గురించిన ఆలోచన పక్కనపెట్టి అత్యవసర వైద్యానికి వెళ్లాలి. ఆక్సిజన్ 95 నుంచి పైన ఉండడం మామూలు. 93, 94 దగ్గర నిలిస్తే అదే రోజు డాక్టరుతో మాట్లాడాలి. 92 లేదా అంతకంటే తక్కువైతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఊపిరితిత్తుల జబ్బు ముందునుంచే ఉన్నవారికి ఈ హద్దులు వేరుగా ఉండవచ్చు, అవి తమ డాక్టరునే అడిగి రాసిపెట్టుకోవాలి.

అవేవీ లేకపోతే, కింది వాటిలో ఒక్కటున్నా ఆ రోజు పూర్తి సెలవు:

• గడిచిన 24 గంటల్లో జ్వరం 100.4 తాకింది, లేదా మాత్ర వేసుకోబట్టే తగ్గి ఉంది.
• రాత్రి దగ్గుతోనో ఒళ్లునొప్పులతోనో సగం నిద్ర పోయింది.
• వాంతులు, విరేచనాలు ఉన్నాయి.
• మత్తు తెప్పించే జలుబు మందు వేసుకున్నారు. క్లోర్‌ఫెనిరమైన్ ఉన్న మాత్రలు, కొన్ని దగ్గు సిరప్‌లు ఈ కోవలోవే. డబ్బా మీద “వాహనాలు నడపరాదు” అని ఉంటే, ఆ మందు మీద కాంట్రాక్టులు చదవకూడదని కూడా అర్థం.
• కింది రెండు పరీక్షల్లో ఏదో ఒకటి తప్పారు.

ఈ పరీక్షలు నేను పెట్టుకున్నవి, వైద్యశాస్త్రం చెప్పినవి కావు. మొదటిది, నిన్న వచ్చిన మెయిళ్లలో పొడుగైనదాన్ని ఒక్కసారి చదివి, మూసేసి, దాని సారాంశాన్ని మూడు వాక్యాల్లో రాయడం. మళ్లీ తెరిచి చూడవలసి వచ్చిందంటే ఆ రోజు మీ చేతికి పని ఇవ్వకూడదు. రెండోది, ఏదైనా ఒక నిమిషం పాటు పైకి చదవడం. మధ్యలో దగ్గు ఆగక ఆపవలసి వచ్చినా, ఊపిరి అందకపోయినా ఆ రోజు సెలవే.

టెస్టులో పాజిటివ్ వచ్చి లక్షణాలు ఏమీ లేనివారు, లేదా ముక్కు కారడం తప్ప మరేదీ లేనివారు ఇంటి నుంచి మామూలుగా పని చేసుకోవచ్చు. వారికి ఇంట్లోవాళ్ల నుంచి విడిగా ఉండడమే ముఖ్యం. పొద్దున బాగుండి మధ్యాహ్నానికి ఒళ్లు వెచ్చబడితే, పొద్దుటి నిర్ణయానికి కట్టుబడి కూర్చోకుండా మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టండి.

4. చెప్పే పద్ధతి

సెలవు సందేశం రాయడంలోనే సగం మంది తమ సెలవును తామే పాడుచేసుకుంటారు. ఎక్కువగా కనిపించే సందేశం ఇదీ: “కొంచెం నలతగా ఉందండీ. ఈ రోజు రెస్ట్ తీసుకుంటాను. ఏదైనా అర్జెంట్ అయితే ఆన్‌లైన్‌లోనే ఉంటాను.” ఇందులో ‘కొంచెం’ అన్న మాట వినేవారికి ఇది అంత పెద్ద జబ్బు కాదని చెబుతుంది, ‘రెస్ట్’ అన్నది సెలవో కాదో తేల్చదు, ‘అర్జెంట్ అయితే’ అన్నది తలుపు బార్లా తెరిచిపెడుతుంది. అర్జెంట్ కాని పని ఉందని ఒప్పుకునేవారు ఏ టీమ్‌లోనూ ఉండరు.

దానికి బదులు ఇలా రాయవచ్చు:

“నమస్కారమండీ. నిన్న రాత్రి నుంచి జ్వరంగా ఉంది. ఈ రోజు, రేపు సిక్ లీవ్ పెడుతున్నాను. ఈ రెండు రోజులూ మెయిల్, చాట్ చూడలేను. శుక్రవారం ఇవ్వవలసిన నివేదిక ఎక్కడిదాకా వచ్చిందో అప్పగింత పేజీలో ఉంది. నా బదులు చూసేవారితో మాట్లాడాను. మిగతావి నేను వచ్చేదాకా ఆగుతాయి. రేపు సాయంత్రం 5 గంటలకు నా పరిస్థితి ఎలా ఉందో తెలియజేస్తాను.”

రెండు రోజులు ఒకేసారి అడగడంలో కారణం ఉంది. ఒక్కో రోజు చొప్పున పొడిగిస్తూ పోతే, ప్రతి పొద్దునా జ్వరంతో లేచి మళ్లీ ఒక సందేశం రాయాలి, టీమ్ కూడా “రేపు వస్తారేమో” అని పనిని మీకోసం ఆపి ఉంచుతుంది. ముందే తగ్గిపోతే ఒక రోజు ముందుగా రావడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

జబ్బు పేరు టీమ్ అందరికీ చెప్పనక్కర్లేదు. అయితే లక్షణాలు మొదలవడానికి రెండు రోజుల ముందు నుంచి ఎవరినైనా సహోద్యోగులను నేరుగా కలిసి ఉంటే, వాళ్లు జాగ్రత్తపడేలా వాళ్లకు మాత్రం చెప్పి తీరాలి. కొవిడ్ లక్షణాలు బయటపడకముందే అంటుకుంటుంది.

సందేశం పంపాక కూడా ఫోన్ వస్తే వాదించకండి. “ఇప్పుడున్న స్థితిలో తప్పు జవాబు చెబుతానేమోనని భయంగా ఉందండీ, దయచేసి అప్పగింత పేజీ చూడండి” అంటే సరిపోతుంది. అది అబద్ధం కూడా కాదు.

5. పని అప్పగించడం

అలారం 20 నిమిషాలకు పెట్టుకుని కూర్చోండి. అది మోగేసరికి ల్యాప్‌టాప్ మూసేయాలి. ఈ వారంలో ఉన్న పనులను మూడు కుప్పలు చేయండి: ఆగేవి, ఎవరికో ఇవ్వవలసినవి, అసలు రద్దు చేసేయగలిగినవి. మూడో కుప్ప ఎంత పెద్దదో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. వారం వారం జరిగే మీటింగుల్లో చాలావాటికి మీరు లేకపోయినా ఏమీ కాదు, ఆ నిజాన్ని ఒప్పుకోవడానికి మనసు రాదు గానీ.

అప్పగించే ఒక్కో పనికీ “తరువాత చేయవలసింది ఇది” అన్న ఒక్క వాక్యం రాయండి. “చూసుకోండి” అని ఫైలు పంపితే అది అప్పగింత అనిపించుకోదు. ఇరవై నిమిషాలు కూర్చునే ఓపిక కూడా లేకపోతే, మీ బదులు చూసేవారికి పేజీ లింకు పంపి పడుకోండి. ఒకటో అంచెలో చేసిన పని అక్కరకు వచ్చేది సరిగ్గా ఆ రోజునే.

6. సెలవులో ఉన్నంతసేపు

ఆటో రిప్లైలో తిరిగి వచ్చే తేదీ, మీ బదులు ఎవరిని అడగాలో రెండూ రాయండి. క్యాలెండర్లో ఆ రోజుల మీటింగులను తిరస్కరించండి, లేకపోతే పావుగంటకొకసారి గుర్తుచేసే గంట మోగుతుంది. ఫోన్లో ఆఫీసు చాట్, మెయిల్ నోటిఫికేషన్లు ఆపడంతో సరిపెట్టక, ఆ రెండు యాప్‌ల నుంచి లాగౌట్ అవ్వండి; మళ్లీ పాస్‌వర్డ్ కొట్టాలంటే ఒళ్లు బద్ధకిస్తుంది, ఆ బద్ధకం ఇక్కడ మీకు మేలే చేస్తుంది.

ఐసొలేషన్ కోసం దొరికే విడి గది చాలా ఇళ్లలో పని గదే అవుతుంది. మంచం పట్టినా ఎదురుగా బల్ల, మానిటర్, సగం మిగిలిన పనుల చీటీలు కనిపిస్తూనే ఉంటాయి. ఆ గది తప్పనిసరైతే ల్యాప్‌టాప్‌ను ఛార్జర్‌తో సహా బయటికి పంపండి, మానిటర్ మీద దుప్పటి కప్పండి. చెప్పడానికి చిన్నపిల్లల చేష్టలా ఉంటుంది, కానీ నాకు రెండుసార్లు పనికొచ్చింది.

ఇంటి నుంచి పని చేస్తున్నాం కాబట్టి ఎవరికీ అంటదని కొందరు అనుకుంటారు. ఆఫీసులో అంటకపోవచ్చు, ఇంట్లోవాళ్లకు అంటుతుంది. కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వండి, గది దాటి బయటికి వచ్చేటప్పుడు మీరూ, లోపలికి వచ్చేటప్పుడు వాళ్లూ మాస్కు పెట్టుకోండి.

మందుల మీద ఒక హెచ్చరిక. పెద్దవారికి పారాసిటమాల్ 24 గంటల్లో మొత్తం 4 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు ఎనిమిది, దాటకూడదు. కాలేయం జబ్బు ఉన్నవారికి, బరువు తక్కువ ఉన్నవారికి, మద్యం అలవాటున్నవారికి ఆ హద్దు ఇంకా తక్కువ, డాక్టరునే అడగాలి. జలుబుకని వేసుకునే చాలా కలిపిన మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది కాబట్టి, జ్వరానికొకటి, జలుబుకొకటి వేసుకునేవారు తెలియకుండానే రెట్టింపు వేసుకుంటారు. డబ్బా వెనక రాసింది చదవండి.

7. సెలవే లేనివారు, సెలవు దొరకనివారు

ఫ్రీలాన్సర్లు, రోజువారీ లెక్కన డబ్బు వచ్చేవారు, లీవులు అయిపోయినవారు “ఇదంతా మాకు కుదరదు” అంటారు, అందులో న్యాయం ఉంది. ప్రమాద సూచనలు లేనంతవరకు, వారు నష్టాన్ని తగ్గించుకునే దారి ఇది. రోజుకు రెండు విడతలు, ఒక్కోటి 45 నిమిషాలు మించకుండా, మధ్యలో కనీసం రెండు గంటలు పడుకుని చేయండి. మంచం మీద చేయకండి. కుర్చీలో కూర్చోలేకపోతున్నారంటే ఆ విడత రద్దయినట్టే. మీటింగులకు బదులు రాతపూర్వకంగా అడగమనండి. గడువు పొడిగింపును మొదటి రోజే అడగండి, గడువు రోజున అడిగితే సాకులా వినిపిస్తుంది.

ఆ రోజుల్లో చేయకూడనివి కూడా రాసిపెట్టుకోండి: డబ్బు పంపడం, ధరలు చెప్పడం, ఒప్పందం మీద సంతకం, ఫైళ్లు తొలగించడం, ఎవరి పనితీరు గురించైనా రాయడం, కోపంగా ఉన్న మెయిల్‌కు జవాబివ్వడం. తప్పనిసరైతే జవాబు డ్రాఫ్ట్‌లో ఉంచి, మరుసటి పొద్దున మళ్లీ చదివి పంపండి.

ఈ జాబితా నాకు ఖర్చుపెట్టి నేర్చుకున్న పాఠం. 2021లో కొవిడ్ మూడో రోజున, మాత్ర వేసుకున్న గంటకు ఒళ్లు తేలికపడింది. చెమట పట్టి జ్వరం దిగింది, బుర్ర చురుగ్గా ఉన్నట్టే అనిపించింది. ఆ ఊపులో ఒక క్లయింటుకు ధరల పట్టిక పంపాను. రెండు ఫైళ్ల పేర్లకు చివర ఒక్క అంకే తేడా, నేను పంపింది పాతది. పంపే ముందు తెరిచి చూశాను కూడా, చూసి సరిగ్గానే ఉందనుకున్నాను. తొమ్మిది రోజుల తరువాత వాళ్లు ఆ ధరకే ఆర్డర్ పంపినప్పుడు గానీ బయటపడలేదు. ఆ గంట పని వల్ల మిగిలిందేమీ లేకపోగా, దాన్ని సరిదిద్దడానికి రెండు పూర్తి రోజులు, ఒక ఇబ్బందికరమైన ఫోన్ కాల్ పట్టాయి. అప్పటి నుంచి మాత్ర ప్రభావంలో ఉన్న నాలుగు గంటలనూ అన్నిటికంటే ప్రమాదకరమైన గంటలుగానే చూస్తున్నాను.

8. తిరిగి రావడం

మందు లేకుండా 24 గంటల పాటు జ్వరం లేకపోవడం, మొత్తం మీద లక్షణాలు తగ్గుముఖం పట్టడం: ఈ రెండూ కలిస్తే మళ్లీ నలుగురిలోకి వెళ్లవచ్చనీ, ఆపై మరో 5 రోజులు మాస్కు వంటి జాగ్రత్తలు పాటించాలనీ అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2024 మార్చిలో చెప్పింది. ఇది ప్రధానంగా అంటువ్యాధి లెక్క. ఇంటి నుంచి పని చేసేవారు దీన్నే పనికి కూడా హద్దుగా పెట్టుకోవచ్చు, కాకపోతే దీన్ని దాటిన రోజున పూర్తి పని మొదలుపెట్టకూడదు.

మొదటి రెండు రోజులు సగం గంటలే పని చేయండి. మొదటి రోజు పొద్దున మెయిళ్ల మధ్య పడిపోకుండా, మీ బదులు చూసినవారితో పావుగంట మాట్లాడి ఏం మారిందో తెలుసుకోండి. మెయిళ్లలో సగం అప్పటికే తేలిపోయినవై ఉంటాయి. రెండు రోజులూ సాఫీగా గడిస్తే రెండు గంటలు పెంచండి. రెండు రోజులు ఆగమనడం ఎందుకంటే, వైరల్ జబ్బుల తరువాత కొందరిలో శ్రమ ఫలితం వెంటనే కనిపించదు, 12 నుంచి 48 గంటల తరువాత ఒక్కసారిగా కూలబడిపోతారు. సోమవారం ఉత్సాహంగా పది గంటలు చేసినవారు బుధవారం మంచం దిగలేక, ఇది కొత్త జబ్బేమో అనుకుంటారు. సోమవారం చేసిన పనే దానికి కారణమని వారికి తట్టదు. ఈ తీరు కనిపిస్తే గంటలు పెంచడం ఆపి డాక్టరును కలవండి. బుర్ర పని కూడా శ్రమే, మూడు గంటల వీడియో మీటింగ్‌ను తక్కువ అంచనా వేయకండి.

కొవిడ్‌లో మరో సంగతి గమనించాలి: ఆయాసం ముదిరేది కొందరిలో మొదటి లక్షణం కనిపించిన వారం తరువాత. కాబట్టి ఐదో రోజున బాగుందని ఆక్సీమీటర్‌ను పెట్టెలో పెట్టేయకండి, రెండో వారం ముగిసేదాకా రోజుకు రెండుసార్లు చూస్తూ ఉండండి.

నీరసం, మతిమరుపు, ఊపిరి అందకపోవడం నెలల తరబడి వదలకపోతే అది వేరే సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, సాధారణంగా జబ్బు మొదలైన 3 నెలల తరువాతా కనిపిస్తూ, కనీసం 2 నెలలు ఉండి, మరే కారణంతోనూ వివరించలేని లక్షణాలను కొవిడ్ అనంతర స్థితి అంటారు. ఆ దశలో మేనేజరుతో నోటిమాటగా సర్దుకుపోకుండా, ఎన్ని గంటలు పని చేయవచ్చో డాక్టరు చేత రాయించి తీసుకోండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

అన్నిటికంటే ఎక్కువగా చూసేది సెలవు పెట్టి కూడా పని చేయడం. లీవు ఖాతాలో ఒక రోజు పోతుంది, ఒంటికి విశ్రాంతి దొరకదు, పైగా సెలవులో ఉన్నా జవాబిస్తారన్న పేరు వస్తుంది, ఆ పేరు ఒకసారి వస్తే పోదు. దీనికి దగ్గరి చుట్టం ‘పగలు పడుకుని రాత్రి చేసేస్తాను’ అన్న ఏర్పాటు. రాత్రి జ్వరం సాధారణంగా పెరుగుతుంది, నిద్ర పోతుంది, రెండు రోజుల జబ్బు ఐదు రోజులు సాగుతుంది.

కెమెరా ఆపేసి మీటింగులో పడుకుని వినడం ఇంకొకటి. విన్నారు కాబట్టి మీకు తెలుసని మిగతావారు అనుకుంటారు, మీకేమో ఒక్క ముక్కా గుర్తుండదు. రానని చెప్పి, రికార్డింగో నోట్సో అడగడం ఇద్దరికీ మంచిది.

ఇంట్లో వేరేవారు జబ్బు పడి, చూసుకునేది మీరైతే, మీకు జ్వరం లేదు కదా అని పూర్తి పని ఒప్పుకోకండి. గంటకోసారి లేచి మందు, నీళ్లు, కొలతలు చూసే మనిషి చేతిలో నిజంగా ఉండేది సగం రోజే. ఆ సగానికే మాట ఇవ్వండి.

టీమ్ నడిపేవారికి ఒక మాట. “ఆరోగ్యం జాగ్రత్త, వీలైతే మధ్యాహ్నం కాల్‌లో ఒక్క ఐదు నిమిషాలు కలవండి” అని మీరు రాసిన వాక్యంలో అవతలివారు చదివేది రెండో సగాన్నే. మొదటి సగం దగ్గర ఆపేయండి. మీరు జబ్బు పడ్డప్పుడు మీరూ లాగౌట్ అవ్వండి, ఎందుకంటే మీరు జ్వరంతో పంపిన అర్ధరాత్రి మెయిల్‌ను చూసే టీమ్ తన సెలవులను కొలుచుకుంటుంది.

సరిగ్గా చేశారో లేదో ఎలా తెలుస్తుంది

సెలవు మొదటి రోజు సాయంత్రం ఫోన్లో కాల్ లిస్టు చూడండి. పని మీద ఒక్క ఫోన్ కూడా రాకపోతే అప్పగింత పేజీ పనిచేసినట్టే. ఒకటి రెండు వస్తే ఏ పని కోసం వచ్చాయో నోటుపుస్తకంలో రాసుకోండి. మూడు దాటితే పేజీ పాతబడిందని అర్థం. మీ బదులు చూసేవారికి ఒకే ఒక్క కాల్ చేసి, అన్నిటికీ కలిపి చెప్పేయండి.

తిరిగి వచ్చిన మూడో రోజున ‘పంపినవి’ ఫోల్డరు తెరిచి, జబ్బు రోజుల్లోనూ, దానికి ముందు రోజునా మీరు పంపిన మెయిళ్లన్నీ చదవండి. ముందు రోజును కలపమన్నది ఊరికే కాదు: జ్వరం బయటపడే ముందు సాయంత్రం నుంచే బుర్ర మందగిస్తుంది, ఆ పూట మనం మామూలుగానే ఉన్నామనుకుని ఎక్కువ పని చేసి ఉంటాం. తేదీలు, అంకెలు, జోడించిన ఫైళ్లు, ఎవరికి పంపారో అన్నవి నాలుగూ చూడండి. తప్పు దొరికితే ఆ రోజే సవరణ పంపండి.

చివరగా నోటుపుస్తకంలో రాసుకున్న ఫోన్ల జాబితాను అప్పగింత పేజీతో పోల్చి, ఏ పని కోసం ఫోన్ వచ్చిందో దాని పక్కన లేని వివరాన్ని చేర్చండి. ఓటీపీ కోసం ఫోన్ వచ్చి ఉంటే, రెండో ఆమోదకర్త కోసం మెయిల్ అదే పూట పంపండి, మరో వారం గడిస్తే అది మీకు గుర్తుండదు. థర్మామీటర్ బ్యాటరీ కూడా ఆ పూటే చూసుకోండి.